మందగమనమే పరీక్ష



బలమైన ఇంజనును, వంపుల రహదారిమీద తడబడని చక్రములును గల సెడాన్ కారొకటి కొనవలెనని నిశ్చయించుకొన్నవారికి, రంగు నిర్ణయమై, ధర కుదిరి, బ్యాంకువారి అప్పు సయితము మంజూరైన తరువాత గూడ తెగక మిగిలిపోవు ప్రశ్న యొకటి కలదు. గేర్లు మన చేతితోనే మార్చుకొను మాన్యువల్ తీసికొనవలెనా, ఆ పని యంత్రమునకు విడిచిపెట్టు ఆటోమేటిక్ తీసికొనవలెనా, ఆటోమేటిక్ అయినచో దానిలోని తెగలలో దేనిని ఎన్నుకొనవలెను అనునదే ఆ ప్రశ్న. షోరూములో దీనికి లభించు సమాధానము ప్రాయికముగా ఒకే అంకెతో మొదలగును: నిలుకడనుండి గంటకు నూరు కిలోమీటర్ల వేగము నందుకొనుటకు ఎన్ని సెకన్లు పట్టునని. నేను ఈ సాయంకాలము మనవి చేయబూనినది దానికి విపరీతమైన మాట. వేగము పెంచుటలో గేర్‌బాక్సు గుణము బయటపడదు. కారు మెల్లగా ప్రాకునప్పుడు, వంపునకు ముందు వేగము తగ్గించుకొనునప్పుడు, ఎత్తుమీద నిలిచి మరల కదలునప్పుడు బయటపడును. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డుమీద నూరు కిలోమీటర్ల వేగముతో సాగిపోవు వేళ మంచి గేర్‌బాక్సులన్నియు ఇంచుమించు ఒక్కటే. ఆ రోడ్డు దిగి, సాయంకాలము ఆరుగంటలకు గచ్చిబౌలి కూడలివైపు గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున జరుగుచున్న వరుసలో చేరినప్పుడు మాత్రము అవి ఒకదానికొకటి పోలిక లేని వేర్వేరు జాతులు.

ఈ మాటకు మూలము పెట్రోలు ఇంజను స్వభావములోనే యున్నది. ఆవిరియంత్రము కదలక నిలిచియున్న స్థితినుండియే బండిని లాగగలదు. విద్యుత్ మోటారును అంతే, పెడల్ త్రొక్కిన మరుక్షణముననే దాని బలము చక్రములకు చేరును. పెట్రోలు ఇంజనునకు ఆ సామర్థ్యము లేదు. నిమిషమునకు ఏడెనిమిది వందల చుట్లకు తక్కువగా తిరిగినచో అది వణకి ఆగిపోవును. సాధారణమైన సెడానులో ఫస్ట్ గేరు వేసి ఆ కనీసపు చుట్లతోనే నడిపినను కారు గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగముతో ముందునకు పోవును. కాబట్టి నిలుకడకును ఈ ఆరేడు కిలోమీటర్ల వేగమునకును నడుమనున్న స్వల్పమైన అంతరములో, ఇంజను ఒక లెక్కనను చక్రములు మరియొక లెక్కనను తిరుగుచుండగా, ఆ రెంటి మధ్య ఏదో యొకటి జారుచుండక తప్పదు. జారునది ఏది, జారుటవలన పుట్టిన వేడి ఎక్కడికి పోవును, ఆ జారుటను అదుపులో నుంచు భారము మనిషిదా యంత్రముదా? గేర్‌బాక్సుల తారతమ్యమంతయు నాకు ఈ ప్రశ్నలయందే కనిపించును.

మాన్యువల్‌లో జారునది క్లచ్ ప్లేటు. దానిని అదుపులో నుంచునది మన ఎడమకాలు. ఈ ఏర్పాటు మోటారుకారు పుట్టిన తొలి దినములనాటిది. 1890 దశకములో పారిస్ నగరపు పానార్, లెవసోర్ కార్లయందు గేరుచక్రములు ఒకదానిమీదికి ఒకటి జరిగి కరకరమను చప్పుడుతో కలిసికొనెడివి. 1898 డిసెంబరు 24వ తేదీ రాత్రి, ఇరువదియొక్క యేండ్ల వయస్సుగల లూయీ రెనో తన చేతులతో నిర్మించుకొన్న చిన్నకారులో అదే నగరమున మోమార్త్ర్ కొండమీది నిటారైన లెపిక్ వీధిని ఎక్కి చూపి, ఆ రాత్రియే కొనుగోలుదారులను సంపాదించుకొనెను. ఆ కారు గొప్పదనము దాని గేర్‌బాక్సుదే. టాప్ గేరునందు బలము నడుమ చక్రముల జోలికి పోక తిన్నగా వెనుక ఇరుసునకు చేరునట్లు ఆయన కల్పించిన పద్ధతి పెక్కుదశాబ్దములు ప్రపంచమంతట నిలిచినది. అయినను జనులు నమ్మినది ఆ కారు ఎంత వేగముగా పోయినదో చూచి కాదు, ఎత్తుమీద ఎట్లు నడచినదో చూచి అనుట గమనింపదగినది.

కరకరమను ఆ చప్పుడు మాన్పినవాడు ఎర్ల్ థామ్సన్ అను అమెరికా ఇంజనీరు. ఆయన కల్పించిన సింక్రోమెష్ 1928లో కాడిలాక్ కార్లలో మొదటిసారిగా వచ్చినది. గేరు పండ్లు కలియుటకు ముందే శంకువు ఆకారముగల వలయమొకటి ఒరసికొని, రెండు భాగముల వేగమును సమానము చేసి, ఆ పిమ్మటనే వానిని కలియనిచ్చును. ఇది రాకముందు, వచ్చిన తరువాత గూడ చాలకాలము లారీలయందును బస్సులయందును, గేరు తగ్గించు ప్రతిసారియు క్లచ్ రెండుమారులు త్రొక్కి, నడుమ న్యూట్రల్‌లో నుంచి యాక్సిలరేటర్ నొకసారి రేపవలసి వచ్చెడిది. ఘాట్ రోడ్డుమీద పాత బస్సు డ్రైవరు ఆ పనిని మాటలాడుచునే చేయుట చూచినవారికి, అది పాదములకును చెవికిని కలిపి అబ్బిన విద్య యని వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ విద్య నేటికిని వేరొక రూపమున బ్రతికియున్నది. మాన్యువల్ కారును ప్రేమించువారి హృదయ మేదని అడిగినచో, నేను వేగము పెంచు ఘట్టమును చూపను. దోర్నాలనుండి శ్రీశైలము పోవు నల్లమల దారిలో, ఉదయమున, ముందు వాహనమేదియు లేని వేళ, ఎదుట వంపు కనబడుచున్నదనుకొనుడు. కుడికాలి ముందుభాగముతో బ్రేకు నొక్కియుంచి, ఎడమకాలితో క్లచ్ త్రొక్కి, గేర్ రాడ్‌ను థర్డ్‌నుండి సెకండ్‌నకు తెచ్చునంతలో, అదే కుడిపాదపు అంచును యాక్సిలరేటర్‌కు తాకించి ఇంజను చుట్లను పెంచవలెను. పెంచకపోయినచో, క్లచ్ వదలినప్పుడు చక్రములు ఇంజనును బలవంతముగ తిప్పవలసివచ్చి కారు ముందునకు త్రుళ్లిపడును. ముందు చక్రములతో నడచు మన సెడానులలో ఆ త్రుళ్లు సరిగా మలుపు తిప్పవలసిన చక్రములమీదనే పడును. పెంచవలసినంతయే పెంచినచో, గేరు మారినట్లు ప్రక్కన కూర్చున్నవారికి తెలియదు. కారు తన బరువును చెదరనీయక వంపులోనికి ప్రవేశించును. వంపు దాటిన తరువాత కావలసిన బలము అప్పటికే చేతిలో నుండును. దారిని చదివి, రెండు క్షణములు ముందుగా నిర్ణయించి, ఆ నిర్ణయమును రెండు కాళ్లతోను ఒక చేతితోను అమలుపరచుటలో కలుగు తృప్తి వేరొకచోట దొరకదు. 2009 మోడలు నిస్సాన్ 370జెడ్ మొదలుకొని ఈ చుట్లు పెంచు పనిని సయితము యంత్రమే చేయు మాన్యువల్ కార్లు వచ్చినవి. సౌకర్యమే గాని, దానిని ఆపుచేయు మీట కూడ నుండుట నాకు సంతోషము.

అదే కారులో అదే మనిషి నగరపు రద్దీలో చేరినప్పుడు ఆ ఎడమకాలే బాధితురాలగును. హాఫ్ క్లచ్ మీద జరుపుట, ఆపుట, మరల జరుపుట. జారుచున్న ప్లేటు వేడెక్కి అరుగుట. గంటసేపు గడచునప్పటికి మోకాలు మొరపెట్టుట. శక్తిమంతమైన ఇంజనుగల కార్లకు క్లచ్ స్ప్రింగును బలముగ నుంచక తప్పదు గనుక ఈ శ్రమ చిన్నకార్లలో కంటె స్పోర్ట్స్ సెడాన్‌లో అధికము. కొనువారు ఈ బాధను తక్కువగ లెక్కించుకొందురని నా అభిప్రాయము. ఏలయన కారును పరీక్షింప తీసికొనిపోవునది ఆదివారము ఉదయమున, ఖాళీ రోడ్డుమీద.

గేర్‌బాక్సు చరిత్ర యంతయు ఒకే వంశములో చూడదలచినవారికి బి.ఎం.డబ్ల్యూ. వారి ఎం3 మంచి దృష్టాంతము. 1986లో మొదటి ఎం3 వెలువడినప్పుడు దానికి ఐదు గేర్ల మాన్యువల్ తప్ప వేరొకటి లేదు. ఐరోపాలో అమ్మిన కార్లకు ఫస్ట్ గేరు ఎడమవైపున క్రింద నుండెడిది. పందెపు బాటమీద ఫస్ట్ గేరుతో పని బయలుదేరునప్పుడు మాత్రమే గనుక, మాటిమాటికి మార్చవలసిన సెకండు, థర్డు గేర్లు ఎదురెదురుగ ఒకే వరుసలో నుండవలెనని ఆ ఏర్పాటు. మూడు సంవత్సరములకు పందెపు బాటమీదనే వేరొక మార్పు వచ్చెను. 1989 మార్చి 26న బ్రెజిల్ గ్రాండ్ ప్రీ పందెములో, జాన్ బర్నార్డ్ రూపొందించిన ఫెరారీ 640 కారును నైజెల్ మాన్సెల్ నడిపి, దాని తొలి పందెముననే గెలిచెను. ఆ కారులో గేర్ రాడ్ లేదు. స్టీరింగు వెనుక రెండు చిన్న రెక్కలు. వ్రేలితో లాగినంతనే గేరు మారెడిది. నేడు మన మధ్యతరగతి సెడానుల స్టీరింగు వెనుక కనబడు ప్యాడిళ్లకు మూలపురుషు డా కారే.

ఆ విజయము తరువాత, బి.ఎం.డబ్ల్యూ. వారు 1990 దశకపు ఉత్తరార్ధమున ఎం3 లోని మాన్యువల్ గేర్‌బాక్సుకే యాంత్రికహస్తములు తగిలించి ఎస్.ఎం.జి. యను పేర విడిచిరి. క్లచ్ ఒక్కటే, గేర్లు అవియే; త్రొక్కునది, మార్చునది మాత్రము చమురు ఒత్తిడితో పనిచేయు యంత్రము. వేగముగ పోవునప్పుడు అది మెరుపువలె మారెడిది. మెల్లగ పోవునప్పుడు, గేరు విడుచుటకును మరియొకటి పట్టుటకును నడుమ బలము తెగిపోయి, కూర్చున్నవారి తలలు ముందునకు వ్రాలి వెనుకకు లేచెడివి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశమునకు వచ్చిన ఏ.ఎం.టి. ఈ జాతిదే, చిన్నకారునకు, చౌకధరకు, అది చేసిన మేలు గొప్పది, కాని ఉత్సాహముగ నడపదలచిన సెడానునకు తగినది కాదు. ఎం3 అన్నగారైన ఎం5 లో 2005 ప్రాంతమున ఈ పద్ధతినే యేడు గేర్లతో పెట్టగా, అమెరికా కొనుగోలుదారులు పట్టుపట్టి తమ దేశమునకు ఆరు గేర్ల మాన్యువల్ సాధించుకొనిరి. అంతటి ఖరీదైన యంత్రము ఓడిపోయినది మందగమనములోనే యని నా వాదము.

ఆ తెగిపోవు బలమునకు పరిహారముగా వచ్చినది డ్యూయల్ క్లచ్. ఈ ఊహ క్రొత్తది కాదు. రష్యా చక్రవర్తి రెండవ నికొలస్ కార్లశాలలో పనిచేసి, పిమ్మట ఫ్రాన్సునకు తిరిగివచ్చిన అడాల్ఫ్ కెగ్రెస్ 1939 నాటికే దీనిని భావించెను. 1980 దశకములో పోర్షే వారు తమ పందెపు కార్లలో పరీక్షించిరి. 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32 కారుతో సామాన్యునకు అమ్మకమునకు వచ్చినది. బేసి గేర్లు ఒక క్లచ్‌కును, సరి గేర్లు మరియొక క్లచ్‌కును తగిలించి యుండును. కారు థర్డ్ గేరులో పోవుచుండగనే ఫోర్త్ గేరు రెండవ ఇరుసుమీద సిద్ధముగ పట్టుకొని నిలిచియుండును. పంక్తిభోజనములో అన్నము వడ్డించువాడు ముందునకు సాగకమునుపే పప్పుగిన్నెతో రెండవవాడు వెనుకనే నిలిచియున్నట్లు. ఒక క్లచ్ విడుచునంతలోనే రెండవది పట్టును. బలము ఒక క్షణమైనను తెగదు. 2008లో ఎం3 కు ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ వచ్చి, దాని తరువాతి తరములోను కొనసాగినది.

మన దేశములో మధ్యతరగతివారి కందుబాటులోనున్న స్పోర్ట్స్ సెడానులలో నేడు ప్రబలముగ నున్నది ఈ జాతియే. 150 అశ్వశక్తి, 250 న్యూటన్ మీటర్ల టార్కు గల ఫోక్స్‌వాగన్ వర్టస్, దాని తోబుట్టువైన స్కోడా స్లావియా, 160 అశ్వశక్తి, 253 న్యూటన్ మీటర్లతో 2023లో వచ్చిన హ్యుందాయ్ వెర్నా టర్బో, ఇవన్నియు ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్‌తో దొరకును. రహదారిమీద వాని పనితనము నిజముగ ప్రశంసనీయము. కాని వీనిలోని క్లచ్‌లు పొడివి, అనగా చమురులో మునిగియుండక గాలికి చల్లారునవి. జారునది ప్లేటే, మాన్యువల్‌లోవలెనే; దానిని జార్చునది మాత్రము కంప్యూటరు. ఇంచి యించిగా జరుగు రద్దీలో, వేసవి మధ్యాహ్నమున, ఆ కంప్యూటరు మనిషి చేసెడి హాఫ్ క్లచ్‌నే ఎడతెగక చేయుచుండవలెను. వేడి పేరుకొన్న కొలది కదలికలో జంకు, చిన్న కుదుపు తలయెత్తును. ఈ జాతి కారు కొనువారు కొన్ని యలవాట్లు చేసికొనవలెను. ఎత్తుమీద నిలిచినప్పుడు యాక్సిలరేటర్‌తో కారును పట్టియుంచరాదు, బ్రేకు త్రొక్కియే యుంచవలెను. రద్దీలో ముందు కారునకు ఒకటి రెండు కార్ల యెడము విడిచి, ఆ యెడము ఏర్పడిన పిమ్మట ఒక్కసారిగ జరుగవలెను గాని, అడుగడుగునకు జరుగరాదు. ఆ యెడములోనికి ఆటోలు దూరునని మీరనవచ్చును. దూరనిండు, క్లచ్ ప్లేట్లకంటె అందువలన పోవు రెండు నిమిషములు విలువైనవి కావు.

ఇక టార్క్ కన్వర్టర్ సంగతి. దీనిమీద నాకు గల గౌరవము దాచుకొనను. నేడు పోలండులో షెచిన్ అని పిలువబడుచున్న స్టెటిన్ నగరపు నౌకానిర్మాణశాలలో పనిచేసిన హెర్మన్ ఫెటింగర్ 1905లో దీనికి పేటెంటు పొందెను. ఆయన యెదుట నుండినది కార్ల సమస్య కాదు. మహావేగముతో తిరుగు ఆవిరి టర్బైనును, నెమ్మదిగ తిరుగవలసిన ఓడ చక్రముతో కూర్చుట యెట్లనునది. ఇంజనుకు బిగించిన రెక్కల పళ్లెము చమురును విసరును. దాని యెదుటనున్న రెండవ పళ్లెము ఆ చమురు తాకిడికి తిరుగును. నడుమనున్న మూడవది తిరిగివచ్చు చమురును సరియైన దిశకు మరలించి, నిలుకడనుండి కదలు ఘడియలో ఇంజను టార్కును ఇంచుమించు రెండింతలు చేయును. ఇక్కడ జారునది చమురు. అరుగుట కక్కడ ప్లేటు లేదు. పుట్టిన వేడి చమురుతో పోయి కూలరులో చల్లారును. బ్రేకుమీదనుండి కాలు తీసినంతనే కారు నడచిపోవువానివలె మెల్లగ కదలును, మరల బ్రేకు త్రొక్కినచో ఊరకుండును. వేయిసార్లు చేసినను దానికి విసుగు లేదు.

పూర్వము దీనికి చెడ్డపేరు వచ్చిన మాటయు నిజమే. 1948లో బ్యూయిక్ వారి డైనాఫ్లో మొదలుకొని చాలకాలము, చమురు జారుచునే యుండుటవలన బలము వృథాయై, యాక్సిలరేటర్ త్రొక్కుటకును కారు స్పందించుటకును నడుమ మెత్తని యెడబాటొకటి యుండెడిది. 1949లోనే పాకార్డ్ వారు రెండు పళ్లెములను గట్టిగ బిగించు లాకప్ క్లచ్ తెచ్చిరి గాని, దానిని కారు కదలిన కొలది సేపటికే బిగించి, దాదాపు ఎల్లవేళల బిగించియే నడపగల నేర్పు ఇటీవలి కంప్యూటర్లతో వచ్చినది. 1915లో జెప్పెలిన్ విమాననౌకలకు గేర్లు చేయుటకై ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో స్థాపితమైన జెడ్.ఎఫ్. సంస్థ 2009లో విడిచిన ఎనిమిది గేర్ల యంత్రము ఈ మార్పునకు పరాకాష్ఠ. నాలుగు ప్లానెటరీ గేరుసముదాయములు, వానిని పట్టి విడుచు ఐదు క్లచ్‌లు, బ్రేకులు. ఏ గేరునందైనను ఆ ఐదింటిలో రెండు మాత్రమే విడివడి యుండును గనుక ఊరక ఒరసికొని వృథాయగు శక్తి అత్యల్పము. మెల్లగ పోవునప్పుడు చమురు మెత్తదనము, వేగముగ పోవునప్పుడు ఇనుము బిగువు, రెండును ఒకేచోట కూడినవి.

అందుచేతనే ఎం3 కథ ఆశ్చర్యకరమైన మలుపు తిరిగినది. 2020లో ప్రకటించిన ఎం3 లో డ్యూయల్ క్లచ్ లేదు. కాంపిటీషన్ రకమునకు 510 అశ్వశక్తితో ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్; సాధారణ రకమునకు 480 అశ్వశక్తితో ఆరు గేర్ల మాన్యువల్. మొదటిది నూరు కిలోమీటర్ల వేగము నందుకొనుటకు 3.9 సెకన్లు, రెండవదానికి 4.2 సెకన్లు. ఆ భేదమంతయు గేర్‌బాక్సుదే కాదు, ఇంజను బలములోను తేడా కలదు. పందెముల సంప్రదాయమే ప్రాణముగాగల ఆ సంస్థ, మాన్యువల్ తోను, ఎస్.ఎం.జి. తోను, డ్యూయల్ క్లచ్ తోను ప్రయోగములు చేసి, తుదకు పెద్దవారి కారుకే తగినదని ఒకనాడు తలచిన టార్క్ కన్వర్టర్‌ను తన పందెపు వంశాంకురమునకు పెట్టినది. దాని ప్రక్కనే, వేగములో ఓడిపోవునని తెలిసియు, మాన్యువల్‌ను నిలిపినది. మన చెన్నైలో కూర్చి 2021నుండి అమ్మిన ఎం340ఐ సెడానునకును ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ ఒక్కటియే. 1928లో సింక్రోమెష్ తెచ్చిన కాడిలాక్ వారును 2022 మోడలు సి.టి.5-వి బ్లాక్‌వింగ్ సెడానునకు ఆరు గేర్ల మాన్యువల్‌ను, పది గేర్ల టార్క్ కన్వర్టర్‌ను ప్రక్కప్రక్కన ఉంచిరి. జర్మనీలోను అమెరికాలోను ఇద్దరు నిర్మాతలు ఒకే జంటకు చేరుకొనుట కేవలము కాకతాళీయమని నేను తలపను.

సి.వి.టి. నిగూర్చి క్లుప్తముగ చెప్పుదును. 1958లో హాలెండునందలి డాఫ్ సంస్థవారు తమ చిన్నకారునకు పెట్టిన ఈ పద్ధతిలో గేర్లే లేవు. వ్యాసము మారు రెండు కప్పీల నడుమ పట్టీ తిరుగును. ముందునకెంత వేగమో వెనుకకును అంతే వేగముతో పోగల ఆ కార్లతో డచ్చివారు వెనుకకు నడుపు పందెములు జరుపుకొనిరి. దీనిలో వేగమునకు లోటేమియు లేదు. 1993లో విలియమ్స్ జట్టువారు ఫార్ములా వన్ కారునకు దీనిని తగిలించి డేవిడ్ కూల్తర్డ్ చేత పరీక్షింపజేయగా, మరుసటి యేటి నియమములు దీనిని నిషేధించినవి. హోండా సిటీలోను, టర్బో లేని వెర్నాలోను ఇది ప్రశాంతముగ పనిచేయును. రద్దీలో దీనికి సాటి కొన్నియే. కాని గట్టిగ త్రొక్కినప్పుడు ఇంజను ఒకే స్వరముతో మూలుగుచుండ, కారు వేగము వేరుగ పెరుగుచుండును. చెవికి వినబడునది కాలికి తెలియదు. స్పోర్ట్స్ సెడాను కోరువాడు వినదలచినది ఎక్కి దిగు ఆ స్వరమునే గదా!

నన్ను సలహా అడిగినచో, ఇంటిలో కారు ఒక్కటే అయి, అది ప్రతిదినము నగరములో తిరుగవలసినదై, భార్యయో తండ్రియో కుమార్తెయో దానినే నడపవలసి వచ్చునప్పుడు, టార్క్ కన్వర్టర్ దొరకినంతవరకు దానినే తీసికొనుడని చెప్పుదును. దొరకుటయే కష్టము. 2022లో వర్టస్ వచ్చినప్పుడు ఒక లీటరు చిన్న ఇంజనుకు టార్క్ కన్వర్టర్ పెట్టి, ఒకటిన్నర లీటరు బలమైన ఇంజనుకు డ్యూయల్ క్లచ్ మాత్రమే ఇచ్చిరి. మరుసటి యేట దానికి మాన్యువల్ చేర్చిరి గాని టార్క్ కన్వర్టర్ చేర్చలేదు. బలమును, మందగమన సౌఖ్యమును రెంటిని కోరువానికి అక్కడ బేరము కుదరదు. అట్టివారు, నా మాట విన్నచో, ఒక లీటరు ఇంజనునైనను తక్కువగ చూడక ఒకసారి నడిపి చూతురు. 115 అశ్వశక్తి నెల్లూరికో విజయవాడకో పోవుటకు చాలును, దానితో వచ్చిన నెమ్మదితనము ప్రతి సాయంకాలమును సుఖపెట్టును.

అనంతపురములోనో రాజమహేంద్రవరములోనో నివసించుచు, రోజువారీ రద్దీ స్వల్పమై, సెలవు దినమున తెల్లవారుజామున కారు తీసికొని కేవలము నడపుటకే బయలుదేరువారికి నేను సంకోచము లేక మాన్యువల్ చెప్పుదును. ఒకే ఇంజనుకు మాన్యువల్‌కును ఆటోమేటిక్‌కును నడుమ లక్షకు పైగా ధర తేడా యుండుట మన దేశములో సాధారణము. ఆ మొత్తముతో ఎన్ని క్లచ్ ప్లేట్లు వచ్చునో మెకానిక్ నడిగి తెలిసికొనవచ్చును. యౌవనములో నున్నవారు మాన్యువల్ నేర్చుకొని యుండుట మేలనుటకు వేరొక కారణమును కలదు: బ్రిటనులో ఆటోమేటిక్ కారుతో పరీక్ష నెగ్గినవారికి ఆటోమేటిక్ నడుపుటకు మాత్రమే లైసెన్సు నిత్తురు. ఆ దేశమునకు పోవు మన విద్యార్థులు ఈ నియమమును ముందుగ తెలిసికొనియుండుట మేలు.

డ్యూయల్ క్లచ్ ఎవరికన్నచో, రహదారి ప్రయాణములే అధికముగా గలవారికి, పైన చెప్పిన యలవాట్లను శ్రద్ధతో పాటింపగలవారికి. చమురులో మునిగిన క్లచ్‌లు గలది దొరకినచో ఇంకను మంచిది. దాని చమురును వేళకు మార్పించుట మరువరాదు. టార్క్ కన్వర్టర్ చమురు జీవితాంతము మార్చనక్కరలేదని కొందరు చెప్పు మాటను నేను నమ్మను. జారుచు వేడిని మోయునది ఆ చమురే గనుక అది పాడగును, వేళకు మార్పించవలెను.

ఆటోమేటిక్ నడుపువాడు నిజమైన చోదకుడు కాడని కొందరు యువకులు తేలికగ అనుచుందురు. ఆ మాట నాకు బాధ కలిగించును. మోకాలి నొప్పితోనో, గర్భవతిగానో, దినమునకు రెండు గంటలు రద్దీలో గడపుచునో, తన కారును తాను ప్రేమించుచు నడుపుకొనువారి ముచ్చటను అది కించపరచును. ప్యాడిళ్లతో వంపునకు ముందు గేరు తగ్గించుకొని, తిరుమల దిగు దారిలో బ్రేకులు కాలకుండ ఇంజను చేతనే వేగము నాపుకొనుచు వచ్చువాడు, గేర్ రాడ్‌తో వచ్చినవానికి ఏమాత్రమును తీసిపోడు. అట్లే, మాన్యువల్ కాలము చెల్లినదనువారి తొందరయు సరికాదు. కొనువారు అడిగినంతకాలము నిర్మాతలు దానిని చేయుదురని ఎం5 నకు మాన్యువల్ సాధించుకొన్న అమెరికావారు చూపిరి. అడుగుట మన వంతు.

కాబట్టి పరీక్షకు కారు అడిగినప్పుడు ఆదివారము ఉదయము వలదని చెప్పుడు. పనిదినమున సాయంకాలము ఆరుగంటలకు రమ్మని, మీరు ప్రతిదినము పోవు దారిననే, అరగంటకు తక్కువ గాకుండ నడుపుడు. ఏ.సి. వేసియుంచుడు, నలుగురిని ఎక్కించుకొనుడు. తరువాత కారును మీ అపార్టుమెంటుకే తీసికొనిపొండు. సెల్లార్ దిగుటకును ఎక్కుటకును గల ఆ నిటారు ర్యాంపుమీద సగములో ఆపి, బ్రేకునుండి కాలు తీసి ముందునకు కదలించి చూడుడు. మరల ఆపి, రివర్సులో అంగుళ మంగుళముగ ఎక్కించి, స్తంభమునకు జానెడు దూరములో నిలుపుడు. వెనుకకు జారినదా, కుదిపినదా, వేడి వాసన వచ్చినదా, మీ ఎడమకాలు వణకినదా గమనించి, ఇంటిలో ఆ కారు నడపబోవు రెండవ వ్యక్తిని కూర్చుండబెట్టి అదంతయు మరల చేయించి, ఆ పిమ్మటనే అడ్వాన్సు కట్టుడు.